తీగ సాగని పాకం

మా ఫ్యాక్టరీ సంగతి చెప్పాలంటే మొదట దాని కంపు సంగతే చెప్పాలి. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో చేరుతున్న ఆడపిల్లలు టోపీ, చేతితొడుగులు, ముక్కుకు మాస్కు పెట్టుకుని ఫొటోలు దిగుతుంటే చూసి సంతోషపడతాను. మాకూ అవన్నీ ఇచ్చారు. అయితే మా కంపు మాస్కుకు లొంగేది కాదు. మురిగిన కోడిగుడ్లు, కుళ్ళిన ఉల్లిగడ్డలు ఒక గంపలో వేసి, మూతపెట్టి మర్చిపోయి, ఎండాకాలంలో మూత తీస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. బట్టలకు పట్టేది, వెంట్రుకలకు పట్టేది, టిఫిను డబ్బాలో పప్పుకు కూడా పట్టేది. సాయంత్రం బోధన్ నుంచి నిజామాబాద్ పోయే బస్సు ఎంత కిటకిటలాడుతున్నా మాకు మాత్రం సీట్లు దొరికేవి. మేము కూర్చోగానే ముందు సీటు ఖాళీ, వెనక సీటు ఖాళీ. మాతో డ్రమ్ముల దగ్గర పనిచేసే ఒకామె కాళ్ళు బారచాపుకుని, "ఎమ్మెల్యే ఎక్కినా గింత జాగ ఇయ్యరే అక్కా" అని నవ్వించేది. నవ్వేవాళ్ళమే గానీ, కంఠేశ్వర్‌లో దిగి మా గల్లీలోకి నడుస్తుంటే గడపల మీద కూర్చున్నవాళ్ళు లేచి లోపలికి పోవడం మనసుకు కష్టంగానే ఉండేది.

నేను పుట్టింది నందిపేట్ దగ్గర. పెళ్ళయి నిజామాబాద్ వచ్చాక ఏళ్ళ తరబడి బీడీలు చుట్టాను. ఆకు కత్తిరించీ, వంగి కూర్చునీ నడుము మొరాయించాక, ఎవరో చెబితే బోధన్ రోడ్డు మీద చెరుకు తోటల పక్కనున్న ఈ చిన్న రెసిన్ ఫ్యాక్టరీలో చేరాను. మొదట డ్రమ్ములు కడిగాను. తర్వాత తూకం గదిలో పెట్టారు. చివరికి ల్యాబ్‌లో కప్పు పరీక్ష చేసే పని దాకా వచ్చాను. బడిలో చదివింది ఐదో తరగతే, కానీ ఒకసారి చూసింది నాకు పోదు. ఎవరు ఏ మాట అన్నారో, అప్పుడు ఎవరి చేతిలో ఏముందో ఇప్పటికీ చెప్పగలను.

రెసిన్ అంటే ఏమిటో ఒక్క ముక్క చెబుతాను. గేటుకు గానీ, ఇనుప బీరువాకు గానీ రంగు వేస్తే అది ఊడిపోకుండా పట్టి ఉంచేది మేము చేసే ఆ జిగురు. రంగుల కంపెనీలు మా దగ్గర డ్రమ్ముల్లో కొనుక్కుపోయేవి. నీళ్ళలాంటి ద్రవాన్ని కెటిల్లో, అంటే ఇద్దరు మనుషుల ఎత్తున్న స్టీలు పాత్రలో, వేడి మీద చుక్కలు చుక్కలుగా పోస్తూ తిప్పాలి. అందులో కంటికి కనపడని పువ్వులు విడివిడిగా ఉంటాయనుకోండి. మొదలుపెట్టే మందు తగలగానే ఆ పువ్వులు ఒకదాని వెనక ఒకటి చేరి దండలవుతాయి. దండలు మరీ పొడుగైతే ఒకదానికొకటి చిక్కుపడి రెసిన్ బంకలా అయిపోతుంది, బ్రష్షుకు ఎక్కదు. దండ పొట్టిగా ఉండాలి. అలా పొట్టిగా ఆపడానికి వేసేదే మా కంపు మందు. దాని పేరు మర్కాప్టాన్. డబ్బా మూత తిప్పితే చాలు, గేటు బయట కట్టేసిన బర్రెలు కూడా తల తిప్పేవి.

కెటిల్ దగ్గర పెద్ద ఆపరేటర్ ఒకాయన ఉండేవాడు. అందరం అన్న అనే పిలిచేవాళ్ళం. ఆయన అంతకుముందు చక్కెర ఫ్యాక్టరీలో పాకం కాచే చోట పనిచేశాడు. అది మూతపడ్డాక మా దగ్గరికి వచ్చాడు. పాకం ముదిరిందో లేదో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అద్ది, తీగ సాగదీసి చూసే అలవాటు ఆయనది. రెసిన్‌ను కూడా అలాగే చూసేవాడు. నేను ల్యాబ్‌లో కప్పు నింపి, కింది చిల్లు నుంచి ఎంతసేపట్లో కారిపోతుందో గడియారం పెట్టి చూసేలోపే ఆయన అక్కడి నుంచే, "ఇంకో జర ఉడకాలె" అనేవాడు. చాలాసార్లు సరిపోయేది. అందుకే ఆయన వేళ్ళంటే మా అందరికీ గురి.

ఇక ఊరి సంగతి. ఫ్యాక్టరీకి గాలివాటాన ఒక ఊరుంది. వాళ్ళు ఎన్నోసార్లు వచ్చి అరిచి పోయారు. మా యజమాని సేటు ప్రతిసారీ టీ తాగించి పంపేవాడు. ఆ ఏడు ఒక పెళ్ళి జరిగింది. విందుకు బంతిలో కూర్చున్న చుట్టాలు, సరిగ్గా గాలి అటు తిరగడంతో, విస్తళ్ళు వదిలి లేచిపోయారు. పెళ్ళికూతురి నానమ్మ మర్నాడు ఊరినంతా వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. పొట్టి మనిషి, గొంతు మాత్రం లారీ హారన్. టీ వద్దంది. "బతుకమ్మ పండుగకు మా ఆడివిల్లలు వస్తరు. అప్పటికి గీ కంపు ఉండొద్దు. ఉంటె గేటుకు తాళం మేమే ఏస్తం, సేటూ" అని చెప్పి వెనక్కి తిరిగి చూడకుండా పోయింది.

సేటు ఈసారి నవ్వలేదు. ఫ్యాక్టరీని ధర్మాబాద్ అవతలికి, మహారాష్ట్రలోకి మారుస్తానని మాకు కబురు పెట్టాడు. కెటిల్‌ను లారీ ఎక్కించవచ్చు. ఇళ్ళూ పిల్లలూ ఉన్న మమ్మల్ని ఎవరు ఎక్కిస్తారు? ఆ ఫ్యాక్టరీలో ఉన్న ఆడవాళ్ళలో సగం మంది బీడీలు వదిలి వచ్చినవాళ్ళే. మళ్ళీ ఆ చాటల ముందు వంగి కూర్చోవడమేనా అని ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

అప్పుడు నోరు విప్పింది మా కెమిస్టు మేడమ్. బాల్కొండ దగ్గర పసుపు పండించే రైతు బిడ్డ. హైదరాబాద్‌లో పెద్ద చదువు చదివి, ఊరికి దగ్గరని మా ఫ్యాక్టరీలో చేరింది. మనిషి బక్కగా, నెమ్మదిగా ఉండేది. సేటు ముందు గట్టిగా మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ రోజు మాత్రం, కంపు మందు లేకుండానే దండ పొట్టిగా ఆపవచ్చనీ, దానికి వేరే మందు ఉందనీ, ఒక్క బ్యాచ్ చేయనివ్వమనీ అడిగింది. సేటు పెన్ను తిప్పుకుంటూ సరే అన్నాడు. అయితే ఆ బ్యాచ్ చెడితే ఆమె కూడా వేరే పని చూసుకోవాలన్నాడు.

ఆమె చదువుకున్న చోటి నుంచి ఆ మందు వచ్చింది. కోబాల్ట్ అనే లోహంతో చేసిన ముదురు రంగు పొడి. మాకు కంపు మందు డబ్బాల్లో వచ్చేది. ఇది అరచేతిలో పట్టే సీసాలో, అడుగున మరకలా ఉంది. దాంట్లోంచి కూడా ఆమె ఎంతో సన్నటి చెంచాతో ఇంకాస్త తక్కువ తీసి నా తక్కెడ మీద పెట్టింది. తక్కెడ సరిగ్గా చూపించడానికి ఊపిరి కూడా బిగబట్టాల్సి వచ్చింది. అన్న వంగి చూసి, "గింతనా బిడ్డా? ఇంగువ గూడ ఇంతకంటె ఎక్కువేస్తరు పప్పుల" అన్నాడు. మేడమ్ నవ్వి, పని మొదలైతే చూడమంది. నైట్రోజన్ గ్యాసు ఆపవద్దు, మూత తెరవవద్దు అని మాత్రం రెండుసార్లు చెప్పింది.

ఇక్కడే ఆగి మీకు ఒక మాట చెప్పాలి. మూత తెరవవద్దు అనే మాట మాకు కొత్త కాదు. చేరిన మొదటి రోజు నుంచి విన్నదే. కానీ ఎందుకు తెరవకూడదో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అడగాల్సిన పనేముంది? తెరిస్తే కంపు బయటికి వస్తుంది, ఊరు మీదికి వస్తుంది. మూత ఉన్నదే కంపు కోసం అని మా అందరి లెక్క. మీరు ఏ పనిలో చేరినా, చేయవద్దన్నది ఎందుకు చేయవద్దో అడిగి తెలుసుకోండి. అడగకపోతే కారణాన్ని మనమే కల్పించుకుంటాం. ఆ కల్పించుకున్న కారణం పోయిన రోజున నియమం కూడా పోయిందనుకుంటాం. మాకు జరిగింది అదే.

బ్యాచ్ పొద్దున్నే మొదలైంది. కెటిల్ వేడెక్కింది, పైనుంచి చుక్కలు పడటం మొదలైంది. మేమంతా ముక్కులు ఎగబీల్చి చూస్తున్నాం. కంపు లేదు. కాసేపయింది, అయినా లేదు. పోసే ద్రవానికి కొంచెం ఘాటు ఉంటుంది గానీ అది ఆ షెడ్డు దాటదు. డ్రమ్ముల దగ్గరి ఆమె బయటికి పోయి, ప్రహరీ చుట్టూ తిరిగి వచ్చి, "చెరుకు వాసనొస్తుందే" అని ఆశ్చర్యంగా చెప్పింది. ఆ తోటలు అక్కడ ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటి వాసన మాకు తెలిసింది ఆ రోజే.

అంతలో సేటు, రంగుల కంపెనీ వాళ్ళతో ఫోనులో మాట్లాడమని మేడమ్‌ను ఆఫీసులోకి పిలిపించాడు. ఆమె అటు పోగానే అన్న పైకెక్కి, అక్కడి సన్న గొట్టం నుంచి నమూనా తీసి వేళ్ళ మధ్య అద్దాడు. తీగ రాలేదు. మళ్ళీ అద్దాడు. నీళ్ళలా జారిపోయింది. ఎప్పుడైనా ఆపాటికి వెంట్రుకంత తీగైనా సాగాలి. ఆయనకు అనుమానం వచ్చింది, అసలు ఉడుకుతున్నదా లేదా అని. లోపల ఎలా ఉందో కంటితో చూద్దామనుకున్నాడు. గ్యాసు ముఖానికి కొట్టకుండా నైట్రోజన్ వాల్వు తిప్పి ఆపాడు. చిన్న మూత బిగింపులు విప్పి ఎత్తాడు.

ఎత్తి, వెనక్కి జరగకుండా అక్కడే నిలబడిపోయాడు. కడగడానికి మూత ఎత్తినా ముఖం తిప్పుకునేవాళ్ళం; ఇన్నేళ్ళలో అలా తిప్పుకోకుండా ఉన్నది అదే మొదటిసారి. ఆయన ముఖంలో నవ్వు చూసి తీరాల్సిందే. కిందికి చూసి, "ఓ చెల్లె, జర పైకి రండ్రి. కంపన్నదే లేదు, సూడుండ్రి" అని పిలిచాడు. ఇంకేముంది. డ్రమ్ములు వదిలి ఒకరు, చీపురు వదిలి ఒకరు, ల్యాబ్ వదిలి నేను, ఇనుప మెట్లు ఎక్కి వరుసగా పోయాం. తీర్థానికి పోయినట్టు పోయాం. ఒక్కొక్కరం వాసన చూశాం. వెనకున్నవాళ్ళు ముందున్నవాళ్ళను తొందరపెట్టారు. ఒకామె కెటిల్‌ను తాకి కళ్ళకద్దుకుంది. ఇంకొకామె రెండుసార్లు చూసిందని కొట్లాట కూడా అయింది. అందరి వంతూ అయ్యాక అన్న మూత బిగించి, గ్యాసు తిప్పాడు. మేడమ్ తిరిగి వచ్చాక ఎవరూ ఆమెతో ఏమీ అనలేదు. దాచాలని కాదు. చెప్పదగ్గ విషయం అనిపించనే లేదు.

మధ్యాహ్నం అన్నాలు తిని వచ్చేసరికి తీగ వచ్చింది. "వచ్చె, వచ్చె" అని అన్న సంబరపడ్డాడు. మేడమ్ ముఖం మాత్రం తెల్లబోయింది. చూస్తుండగానే తీగ దారమైంది, దారం తాడైంది. కలిపే మోటారు మూలగడం మొదలుపెట్టింది. మేడమ్ పరుగెత్తి పైనుంచి పోసేది ఆపించింది, పలచబరచడానికి ద్రావకం పోయించింది. అయినా లాభం లేకపోయింది. మోటారు ఒక్కసారి గురకపెట్టి ఆగిపోయింది. కెటిల్ నిండా ముదిరిన బెల్లం పాకంలాంటిది మిగిలింది.

సేటు వచ్చి చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. "నువ్వు సదువుకున్నదానివి, నీకు ఇంకోకాడ దొరుకుతది" అని మేడమ్‌తో మెల్లగా అని, మా వైపు చూడకుండా పోయాడు. మాకేం దొరుకుతుందో ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

మర్నాడు కెటిల్ కడగడం పడింది. చల్లారిన రెసిన్ గోడలకు అంటుకుపోయింది. గీకి గీకి తీయాలి. మేడమ్ రానవసరం లేదు. అయినా వచ్చింది. చున్నీ నడుముకు కట్టుకుని, గీకుడు రేకు తీసుకుని మా మధ్య కూర్చుంది. కొంత గీకాక నన్ను అడిగింది, "అక్కా, నీకు మతికుంటది కదా అన్నీ. పొద్దుగాల్నుంచి ఏమేమైందో చెప్పు" అని.

చెప్పాను. వేడి ఎప్పుడు ఎక్కిందో, చుక్కలు ఎప్పుడు మొదలయ్యాయో, డ్రమ్ముల దగ్గరి ఆమె ప్రహరీ చుట్టూ తిరిగి వచ్చి ఏమందో, మేడమ్‌ను సేటు ఎప్పుడు పిలిపించాడో. తర్వాత అన్న తీగ చూశాడనీ, అది రాలేదనీ, గ్యాసు ఆపి మూత తెరిచాడనీ, మేమందరం వాసన చూశామనీ, రెండోసారి చూసినామెతో కొట్లాటయిందనీ అదే వరసలో చెప్పుకుంటూ పోతున్నాను. మేడమ్ చేతిలో రేకు ఆగిపోయింది.

"గ్యాసు బందు వెట్టిండ్రా?"

"ముఖానికి కొడుతదని జరసేపు ఆపిండు."

"అందరు చూసేదాక తెరిచే ఉండెనా?"

ఉందన్నాను. మొదట ఆమెకు కోపం వచ్చింది. వేడి కెటిల్ మీద ముఖాలు పెడితే ఆవిరి కొట్టి కళ్ళు పోతాయని, ప్రాణాలు కూడా పోతాయని మమ్మల్నందరినీ వరసబెట్టి తిట్టింది. ఆ నెమ్మది మనిషి అంతలా తిట్టగలదని మాకు తెలియదు. తిడుతూ తిడుతూ మధ్యలో ఆగి, "అక్కా, మూత తియ్యకముందు తీగ అస్సలే రాలేదా? నీళ్ళ లెక్క ఉండెనా?" అని అడిగింది. అచ్చం నీళ్ళలా జారిందని చెప్పాను. ఆమె లేచి నిలబడింది. "అయితే పని అయినట్టే. అప్పటిదాక మంచిగనే అయింది అక్కా. తీగ రావద్దనే కదా మనం గింత చేసింది" అంటూ రేకు అక్కడ పారేసి, నా రెండు భుజాలు పట్టుకుని ఊపేసింది. ఆమె చేతుల బంక నా జాకెట్టుకు అంటింది, ఎంత ఉతికినా పోలేదు.

అప్పుడు కూర్చోబెట్టి మాకు అర్థమయ్యేలా చెప్పింది. కంపు మందు దండకు చివరి ముడిలాంటిది. ఒక దండకు ఒక ముడి. ముడి పడ్డాక ఆ మందు ఆ దండతోనే పోతుంది. అందుకే అంత పోయాలి. ఈ కొత్త పొడి అలా కాదు. పూలు కట్టేవాళ్ళు వరుసగా కూర్చుంటే వాళ్ళ మధ్య తిరిగే మనిషిలాంటిది. దండ కొంచెం అవగానే నీ చేతిలోంచి తీసేసుకుంటుంది. కొత్త దండకు మొదటి పువ్వు నీ పక్కనామె చేతిలో పెడుతుంది. అలా తిరుగుతూనే ఉంటుంది, తాను మాత్రం ఖర్చుకాదు. అందుకే చెంచా అడుగున మరకంత చాలు. అయితే ఆ తిరిగే మనిషికి గాలి పడదు; గాలి లోపలికి రాకుండా ఉండడానికే నైట్రోజన్ గ్యాసూ, మూతా. గాలి సోకితే అక్కడికక్కడే పనికిరాకుండా పోతుంది. మనం కంపు లేదన్న సంతోషంలో మూత తెరిచి ఆమెను పడగొట్టాం. తీసేసుకునే మనిషి లేకపోయేసరికి దండలు పెరిగి పెరిగి మోకులయ్యాయి.

వింటుంటే నాకు ఒళ్ళు పులకరించింది. నేను తూచిన ఆ మరక, కెటిల్ నిండా ఒక్కో దండ దగ్గరికీ పోయి ఒక్కో చేతిలో పువ్వు పెట్టి వచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు అలాగే ఉంటుంది.

అన్న మెట్ల మీద కూర్చుని ఇదంతా విన్నాడు. ఆయనను ఎవరూ ఏమీ అనలేదు. ఆయన బాధ మూత గురించి కాదు. జీవితమంతా తీగ వస్తే పాకం వచ్చినట్టు. ఇప్పుడు తీగ రాకపోవడమే పాకం అంటే ఆ వేళ్ళు ఏం కావాలి? చాలాసేపు వేళ్ళు చూసుకుంటూ కూర్చుని, ఒక మాట అడిగాడు. నీళ్ళలా ఉంటే మంచిదంటున్నావు సరే, ఉడకకుండా పచ్చిగా ఉన్నా నీళ్ళలాగే ఉంటుంది కదా, రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది అని. మేడమ్ ఆ ప్రశ్నకు సంతోషపడింది. నమూనాను చిన్న రేకు పళ్ళెంలో పోసి ల్యాబ్ ఓవెన్లో, మేము పొయ్యిపెట్టె అనేదానిలో, ఆరబెట్టాలనీ, పచ్చిదైతే అంతా ఆవిరైపోతుందనీ, ఉడికినదైతే అద్దంలాంటి పొర మిగులుతుందనీ చెప్పింది. అన్న లేచాడు. దులుపుకుని నేరుగా సేటు గదిలోకి పోయాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి మాకు వినపడింది.

"మూత తెరిచింది నేను సేటూ. పిల్ల తప్పేం లేదు. ఇంకొక్కసారి ఉడకనియ్యి. ఈసారి చెడితె ఆమెను కాదు, నన్ను పంపు."

ఊరివాళ్ళను తాను రమ్మన్నాననీ, ఫ్యాక్టరీ తీసేస్తున్నామని వాళ్ళతో చెప్పబోతున్నాననీ సేటు అన్నాడు. వాళ్ళు వచ్చేరోజు పొద్దున్నే బ్యాచ్ పెట్టుకోండి, కంపు వచ్చినా, బంక అయినా అదే మాట వాళ్ళకు చెబుతాను, మీరూ అక్కడే వినండి అన్నాడు.

ఆ రోజు మేమంతా బస్సు టైముకంటే ముందే షేర్ ఆటోలో వచ్చేశాం. మేడమ్ తమ ఇంటి పసుపు కొమ్ము ఒకటి తెచ్చింది. దారానికి పసుపు రాసి, కొమ్ము కట్టి, కెటిల్ మూత బిగింపులకు అన్న చేతనే కంకణం కట్టించాం. కంకణం కట్టాక పని అయ్యేదాకా ఎవరూ విప్పరు, ఎంత ఆత్రం ఉన్నా చేయి పోదు. కాగితం మీద రాసి అంటించిన హెచ్చరికకన్నా మా దగ్గర అది గట్టిది. మేడమ్ రాసి అంటించడం కూడా అంటించింది. నమూనా పై గొట్టం నుంచి కాకుండా కింది కుళాయి నుంచే పట్టాలని ఏర్పాటు చేసింది. నైట్రోజన్ వాల్వు పక్కన డ్రమ్ముల దగ్గరి ఆమెను స్టూలు వేసి కూర్చోబెట్టింది. ఆమె ఆ వాల్వును చంటిపిల్లను చూసుకున్నట్టు చూసుకుంది.

చుక్కలు మొదలయ్యాయి. మొదటి నమూనా కప్పులో పోసి వేలు తీశాను. గడియారం వైపు తల తిప్పేలోపే కారిపోయింది. అన్న అలవాటుగా వేళ్ళ మధ్య అద్ది, "లేదు" అన్నాడు భయంగా. రెండోదీ అంతే. "లేదు" అన్నాడు. మూడోదానికి ఆయన గొంతు మారింది. తర్వాత తర్వాత కుళాయి దగ్గర అద్ది చూసి, "లేదు చెల్లె, తీగ లేదు" అని పండుగ కబురు చెప్పినట్టు కేకవేస్తుంటే, నేను ల్యాబ్ కిటికీలోంచి, "ఇక్కడ గూడ నీళ్ళే అన్నా" అని తిరిగి కేకవేశాను. మోటారు ఒక్క తీరున తిరుగుతోంది.

ఇక రేకు పళ్ళెం మిగిలింది. పొయ్యిపెట్టెలో పెట్టింది నేనే. ఎంతో మంది బిడ్డల కాన్పుల దగ్గర కూర్చున్నాను గానీ అంత ఆత్రం ఎప్పుడూ పడలేదు. ఏమీ మిగలకపోతే అది వట్టి పచ్చి ద్రవమే, మేము ఉత్త నీళ్ళు చూసి గంతులేసినట్టే. మేడమ్ తీయమన్నాక పట్టుకారుతో బయటికి తీశాను. మొదట చూపుకు పళ్ళెం ఖాళీగా ఉన్నట్టే అనిపించింది. వెలుతురుకు పెట్టి వంచాను. అడుగంతా నిగనిగమంటూ పొర. కిటికీ ఊచలు అందులో కనిపించాయి. గోటితో కొడితే టిక్కుమంది. మేడమ్ నా చేతిలోంచి పళ్ళెం తీసుకుని చూసి, మళ్ళీ నాకిచ్చి, మళ్ళీ తీసుకుంది. కాసేపు ఇద్దరం అదే పని చేశాం.

అప్పుడే ఊరివాళ్ళు వచ్చారు. ముందు ఆ నానమ్మ, కొంగు ముక్కుకు గట్టిగా అడ్డం పెట్టుకుని. సేటు గేటు దగ్గరికి పోయాడు. ఏం చెప్పాలో ఆయనకు ఇంకా తెలియదు. మేము షెడ్డు తలుపులో గుంపుగా నిలబడ్డాం. సేటు నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది.

"మేమొస్తున్నమని బందు వెట్టినవా సేటూ? గట్లయితే మాకేం తెలుస్తది? నడిపియ్యి. నడిపిచ్చి సూపెట్టు. జల్ది చెయ్యి, ఇంటికాడ బర్రె పాలు పిండాలె."

సేటు మా వైపు తిరిగి చూశాడు. మేడమ్ ముందుకు వచ్చి, బ్యాచ్ పొద్దున నుంచి నడుస్తూనే ఉందనీ, ఇప్పుడు అయిపోవచ్చిందనీ చెప్పింది. ఆ ముసలమ్మ నమ్మలేదు. కొంగు తీయకుండానే మమ్మల్ని నెట్టుకుంటూ షెడ్డు గుమ్మం దాకా వచ్చింది. తిరుగుతున్న మోటారును చూసింది. పైపు మీద చేయి పెట్టబోతే వేడి తగిలి వెనక్కి తీసుకుంది. అప్పుడు కొంగు కొంచెం దించింది. ఒక్కసారి పీల్చింది. పూర్తిగా దించి గట్టిగా పీల్చింది. తర్వాత సేటు వైపు తిరిగింది.

"గింత అల్కగ అయ్యేదానికి గిన్నేండ్లు మా ముక్కులు పోగొడితివి గదనయ్యా."

ముసలమ్మ వెనకున్నవాళ్ళను నడవమని చేయి ఊపి, కొంగు నడుముకు దోపుకుని, పాలు పిండడానికి పోయింది. వాళ్ళు చెరుకు తోట మలుపు తిరిగేదాకా సేటు గేటు దగ్గరే నిలబడి చూశాడు. వెనక్కి వచ్చి మేడమ్ ముందు ఆగాడు. రేపటి బ్యాచ్‌కు ఏమేం కావాలి అని అడిగాడు. ఆమె ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. మొదటి పేరు వినగానే నేను తూకం గది వైపు పరుగులాంటి నడక అందుకున్నాను.